5.3 సిల్వరాడో హెడ్లు: ఉన్నవే బాగుచేయించాలా, జంక్‌యార్డు నుంచి వేరేవి తేవాలా?

అమెరికాలో 1999 నుంచి 2007 దాకా వచ్చిన షెవ్రొలే సిల్వరాడో, జీఎంసీ సియెరా, టాహో బండ్లలో చాలా వాటిలో ఉన్నది 5.3 లీటర్ల వి8 ఇంజన్. ఎక్కువగా కనిపించే రకానికి ఎల్ఎం7 అని కోడ్. సిలిండర్లుండే బ్లాకు ఇనుముది, దాని మీద మూతల్లా బిగించే హెడ్లు అల్యూమినియంవి. రెండు లక్షల మైళ్ళు దాటినవి కూడా ఇంకా ట్రైలర్లు లాగుతూ కనిపిస్తాయి. ఇలాంటి పాత పికప్ కొనుక్కుని పడవకో, తోట పని సామానుకో, ఇల్లు మారేటప్పుడు ట్రైలర్‌కో వాడుకునే తెలుగువాళ్ళు టెక్సాస్ లాంటి చోట్ల ఉన్నారు. గ్యాస్కెట్ పోయో, కూలెంట్ తగ్గిపోతోందనో ఒక రోజు హెడ్ దించాల్సి వస్తుంది. అప్పుడు అందరికీ వచ్చే ఆలోచన ఒకటే: ఎలాగూ దించాం కదా, ఇంతకంటే మంచివి వేసేద్దామా?

నా అభిప్రాయం ముందే చెప్తాను. బండి ట్రైలర్ లాగాలి, చేతిలో డబ్బు తక్కువ అయితే, పగుళ్ళు లేని మీ సొంత హెడ్లకి శ్రద్ధగా వాల్వ్ పని (వాల్వులు, వాటి సీట్లు, గైడ్లు సరిచేయడం) చేయించడమే మొదటి దారి. అవి పనికిరావని తేలితే 799 లేదా 243 నంబరు హెడ్లు చూడండి. పెద్ద పోర్టులున్నాయి (అంటే గాలి, పొగ వెళ్ళే దారులు), చవగ్గా దొరికాయి అని 317లు మాత్రం తెచ్చుకోకండి. ఎందుకో వివరంగా చెప్తాను, ఎందుకంటే హెడ్లు అమ్మేవాళ్ళు పోర్టుల గురించి, గాలి ఎంత పారుతుందనే దాని గురించి మాట్లాడతారు తప్ప, మీ బండికి అసలు ముఖ్యమైన కొలత గురించి మాట్లాడరు.

ముందు మీ దగ్గర ఏమున్నాయో చూసుకోండి

ఈ కుటుంబం హెడ్లన్నిటికీ పోత నంబరు ఉంటుంది. జనం దాని చివరి మూడు అంకెలతోనే పిలుస్తారు. హెడ్ చివర, పై మూల దగ్గర ఉబ్బెత్తుగా పోసి ఉంటుంది. టార్చి వేసి, మట్టి తుడిస్తే ఇంజన్ బండిలో ఉండగానే కనబడుతుంది. ఎల్ఎం7 మీద సాధారణంగా 862 లేదా 706 ఉంటాయి. పని విషయంలో ఆ రెండూ ఒకటే: కంబషన్ ఛాంబర్ (హెడ్‌లో ఇంధనం మండే గుంట) సుమారు 61 సీసీ, ఇన్‌టేక్ పోర్టు 200 సీసీ, ఇన్‌టేక్ వాల్వు 48 మిల్లీమీటర్లు, ఎగ్జాస్ట్ వాల్వు 39.4 మిల్లీమీటర్లు.

706 ఉంటే మాత్రం ఇంకో పరీక్ష తప్పదు. 2001 నుంచి 2006 మధ్య కొన్ని 4.8, 5.3 ఇంజన్లకి కాస్‌టెక్ అనే ఫౌండ్రీలో పోసిన 706 హెడ్లు వచ్చాయి. వాటిలో కొన్నిటికి హెడ్ బోల్టుల ప్రాంతంలో సన్నటి పగుళ్ళు వచ్చి, కూలెంట్ నెమ్మదిగా ఆయిల్‌లోకి దిగుతుంది. ఈ బండ్ల కంపెనీ జీఎం (జనరల్ మోటార్స్) దీని మీద సర్వీస్ బులెటిన్ కూడా ఇచ్చింది. బయట చుక్క కారదు, పొగ గొట్టంలో తెల్లపొగ కనబడదు, కూలెంట్ మట్టం మాత్రం తగ్గుతూ పోతుంది. హెడ్ పైనుండే మూత, రాకర్ కవర్, విప్పి చూస్తే ఆ ఫౌండ్రీ ముద్ర కనిపిస్తుంది. పగిలిన చోట మిగతా హెడ్ అంతా ఆయిల్‌తో గోధుమ రంగులో ఉంటే, అక్కడ మాత్రం కూలెంట్ కడిగినట్టు శుభ్రంగా ఉండవచ్చు. ముద్ర ఉన్నంత మాత్రాన ప్రతి హెడ్డూ పగిలిందని కాదు. అయితే అలాంటి హెడ్ మీద మెషిన్ షాపులో డబ్బు పెట్టేముందు ప్రెషర్ టెస్ట్ చేయించి తీరాలి. పగిలితే వెల్డింగ్ చేసేవాళ్ళు లేకపోలేదు కానీ, మంచి వాడిన హెడ్లు దొరికే ఇంజన్‌కి ఆ ఖర్చు దండగ.

అసలు లెక్క ఛాంబర్‌ది

ఈ ఇంజన్ బోరు 96 మిల్లీమీటర్లు, స్ట్రోకు 92. ఒక్కో సిలిండర్ 666 సీసీ. కంపెనీ ఇచ్చిన కంప్రెషన్ (సిలిండర్‌లోని మిశ్రమాన్ని పిస్టన్ ఎన్నో వంతుకి నొక్కుతుందనే నిష్పత్తి) 9.5. అంటే పిస్టన్ పూర్తిగా పైకి వచ్చాక దాని పైన మిగిలే చోటు 78.4 సీసీ అన్నమాట (666ని 8.5తో, అంటే 9.5లో ఒకటి తీసేసి, భాగిస్తే వచ్చేది). ఇందులో 61 సీసీ హెడ్‌లోని ఛాంబర్‌ది. మిగతా 17 సీసీ గ్యాస్కెట్ మందం, పిస్టన్ తల మీది గుంట లాంటివి కలిపి. హెడ్ మారిస్తే ఆ 17 మారదు, 61 ఒక్కటే మారుతుంది. కాబట్టి ఏ హెడ్ వేస్తే కంప్రెషన్ ఎంతకి వస్తుందో ఇంట్లో కూర్చుని లెక్క కట్టుకోవచ్చు.

799, 243 హెడ్ల ఛాంబర్ 64.5 సీసీ. అవి వేస్తే కంప్రెషన్ 9.15 దగ్గరికి దిగుతుంది. స్పోర్ట్స్ కార్ల ఎల్ఎస్1 మీద వచ్చే 241 ఛాంబర్ 66.7 సీసీ, దానితో 8.9. పెద్ద 6.0 లీటర్ల ట్రక్కుల మీద వచ్చే 317 ఛాంబర్ 71 సీసీ, దానితో 8.5. అంటే 317లు వేసినవాడు పోర్టులు పెంచుకుని కంప్రెషన్‌లో ఒక పాయింటు పోగొట్టుకుంటాడు. ట్రైలర్ లాగేటప్పుడు ఇంజన్ ఎక్కువసేపు 2000 నుంచి 3500 ఆర్‌పీఎం మధ్యే తిరుగుతుంది. ఆ వేగంలో పెద్ద పోర్టు చేసే మేలు కొంచెం, కంప్రెషన్ తగ్గడం వల్ల కలిగే నష్టం మాత్రం ప్రతి సిగ్నల్ దగ్గరా, ప్రతి ఎత్తు దగ్గరా తెలుస్తుంది. మైలేజీ కూడా తగ్గుతుంది. 317లు చెడ్డవని కాదు. 6.0 ఇంజన్ బోరు పెద్దది కాబట్టి దానికి అవి సరిపోయాయి. 5.3కి టర్బో బిగించేవాళ్ళు కంప్రెషన్ తగ్గించాలనే వాటిని ఏరికోరి తెచ్చుకుంటారు. టర్బో లేని పని బండికి వాటితో అవసరం లేదు. 1999, 2000 నాటి 6.0ల మీద వచ్చిన ఇనుప హెడ్ల సంగతీ ఇంతే, పైగా బరువు.

6.2 లీటర్ల ఎల్92 హెడ్లు చూడ్డానికి ఊరిస్తాయి. వాటి ఇన్‌టేక్ వాల్వు 55 మిల్లీమీటర్లు. బోరు కనీసం 101.6 మిల్లీమీటర్లు లేకపోతే వాల్వు సిలిండర్ అంచుకి తగులుతుంది. మీ 96 బోరుకి అవి రావు. ఎంత చవగ్గా ఇచ్చినా వదిలేయండి.

799, 243: నిజంగా ఎంత లాభం?

రెండూ ఒకే రూపం. 243 స్పోర్ట్స్ కార్ల ఎల్ఎస్6, ఎల్ఎస్2 ఇంజన్ల మీద పేరు తెచ్చుకుంది. 799 ట్రక్కుల్లో ఎక్కువగా వచ్చింది. ఇన్‌టేక్ పోర్టు 210 సీసీ, ఇన్‌టేక్ వాల్వు 50.8 మిల్లీమీటర్లు. 2007 తర్వాత వచ్చిన కొత్త తరం 5.3 ట్రక్కుల మీద 799లు విరివిగా ఉన్నాయి కాబట్టి జంక్‌యార్డుల్లో దొరుకుతాయి. 243 అనే పేరుకి అమ్మేవాళ్ళు ఎక్కువ అడుగుతారు, అదే పోత 799 అని రాసి ఉంటే తక్కువకి వస్తుంది. సోడియం నింపిన తేలికపాటి ఎగ్జాస్ట్ వాల్వులు ఎల్ఎస్6కి చెందిన కొన్ని 243లలో ఉంటాయి. పని బండికి వాటి కోసం ఎక్కువ డబ్బు పెట్టనక్కర్లేదు. మీ ఇన్‌టేక్ మానిఫోల్డు, మీ రాకర్లు, మీ ఎగ్జాస్ట్ మానిఫోల్డులు వీటికి సరిపోతాయి.

లాభం ఎంతో తెలియాలంటే కంపెనీ చేసి చూపించిన ఉదాహరణే ఉంది. 2005 నుంచి 2007 దాకా జీఎం ఎల్33 అనే 5.3ని అమ్మింది. అందులో ఈ హెడ్లే ఉన్నాయి. వాటికి తోడు చదునైన పిస్టన్లు, 10కి దగ్గరగా ఉండే కంప్రెషన్, కొంచెం పెద్ద కామ్ (వాల్వుల్ని తెరిచే షాఫ్టు). ఇన్ని కలిపితే ఆ ఇంజన్ 310 హార్స్‌పవర్. అదే కాలంలో మామూలు ఎల్ఎం7 295. టార్క్ రెండిటికీ దాదాపు ఒక్కటే. హెడ్, పిస్టన్, కామ్ మూడూ మార్చి కంపెనీకి వచ్చింది 15 హార్స్‌పవరే. మీరు హెడ్లు ఒక్కటే మార్చి, కంప్రెషన్ కూడా తగ్గించుకుంటే వచ్చేది అంతకంటే తక్కువే ఉంటుందని అనుకోవడం న్యాయం.

అందుకే 799 కొంటే ఫేసింగ్‌కి (హెడ్ ముఖాన్ని మెషిన్ మీద గీసి చదును చేయడానికి) కూడా డబ్బు పక్కన పెట్టుకోండి. ఈ హెడ్లలో సుమారు ఆరు థౌ (థౌ అంటే అంగుళంలో వెయ్యో వంతు) గీస్తే ఛాంబర్ ఒక సీసీ తగ్గుతుందని మెషిన్ షాపుల లెక్క. ఇరవై థౌ, అంటే అర మిల్లీమీటరు గీయిస్తే 64.5 కాస్తా 61 దగ్గరికి వచ్చి కంప్రెషన్ మళ్ళీ 9.5 అవుతుంది. ఆ మాత్రానికి పుష్‌రాడ్ (కామ్ మీది లిఫ్టర్ కదలికని వాల్వు వైపు చేర్చే కడ్డీ) పొడవు సాధారణంగా ఇబ్బంది పెట్టదు, అయినా బిగించేటప్పుడు లిఫ్టర్ మీద ఒత్తిడి సరిగా ఉందో లేదో చూసుకోవాలి.

ఇదే లెక్కని మీ సొంత 862 లేదా 706 మీద వేసి చూడండి. ముప్పై థౌ గీయిస్తే ఐదు సీసీ తగ్గి కంప్రెషన్ 10కి చేరుతుంది. అదే ఎల్33 స్థాయి. మొత్తం ఖర్చు వాల్వ్ పని, ఫేసింగ్ అంతే, కొత్తగా హెడ్లు కొనడం లేదు. నాకు అన్నిటికంటే నచ్చే దారి ఇదే. ఒక్క జాగ్రత్త ఉంది: కంప్రెషన్ పెరిగితే ఎండాకాలంలో బరువు లాగేటప్పుడు నాకింగ్‌కి (ఇంధనం తనంతట తాను పేలి ఇంజన్ టకటకలాడటానికి) దగ్గరవుతుంది. మామూలు 87 ఆక్టేన్ పెట్రోలే కొట్టించాలనుకునేవాళ్ళు, కూలింగ్ అంతంతమాత్రంగా ఉన్నవాళ్ళు ముప్పైకి వెళ్ళకుండా, ఉపరితలం చదునయ్యేంత వరకు గీయించి ఆపేయడం మంచిది.

బాగుచేయించడమా, కొనడమా

విజయవాడ ఆటోనగర్‌లో లారీ హెడ్ దింపడం చూసినవాళ్ళకి ఫేసింగ్, సీట్లు కోయడం, గైడ్లు మార్చడం కొత్త విషయాలు కావు. అక్కడ కొత్త సామాను ధర ఎక్కువ, చేతి పని ధర తక్కువ. అందుకే దాదాపు ఎప్పుడూ బాగుచేయించుకోవడమే గెలుస్తుంది. అమెరికాలో ఈ లెక్క తిరగబడుతుంది. ఒక జత హెడ్లకి పూర్తి వాల్వ్ పని చేయించే డబ్బుతో, సొంతంగా విప్పుకునే జంక్‌యార్డులో ఒకటికి రెండు జతలు కొనొచ్చు. దాంతో చాలామంది చూసిన జతనల్లా తెచ్చి నేరుగా బిగించేస్తారు. నేను దానికి ఒప్పుకోను. జంక్‌యార్డులో ఉన్న ఇంజన్ అక్కడికి ఎందుకు వచ్చిందో మీకు తెలియదు. వేడెక్కి వచ్చిందేమో, గ్యాస్కెట్ పోయి వచ్చిందేమో. చవగ్గా వచ్చిన హెడ్‌కి కూడా ప్రెషర్ టెస్ట్, చదును పరీక్ష, కొత్త వాల్వ్ సీళ్ళు కనీసం ఉండాలి. అవి కలిపాక చూస్తే మీ సొంత హెడ్లకీ, తెచ్చినవాటికీ ఖర్చులో తేడా మీరు అనుకున్నంత మిగలదు.

ఇంటి దగ్గర చేయగలిగే పరీక్షలు కొన్ని ఉన్నాయి. వాల్వులు మూసి ఉండగా హెడ్‌ని తిప్పిపెట్టి ఛాంబర్లలో మినరల్ స్పిరిట్స్ పోయండి. మన దగ్గర మెకానిక్‌లు కిరోసిన్ పోసి చూసేది ఇదే పద్ధతి. పది నిమిషాల్లో పోర్టులోకి దిగితే ఆ వాల్వు సీటు మీద సరిగా కూర్చోవడం లేదు. కొద్దిగా ఊరుతుంటే పేస్ట్ వేసి చేత్తో అరగదీస్తే సరిపోవచ్చు, ధారగా కారితే మెషిన్ పనే. వంపు లేని స్కేలు ఒకటి హెడ్ ముఖం మీద పొడుగ్గా, ఐమూలగా పెట్టి కింద ఫీలర్ గేజి దూర్చి చూడండి. మొత్తం పొడవు మీద 0.1 మిల్లీమీటరు కంటే ఎక్కువ వంపు ఉంటే ఫేసింగ్ తప్పదు. వాల్వు కాడ పట్టుకుని అటూ ఇటూ కదిపితే బాగా ఊగుతోందా, గైడ్లు అరిగాయి. గైడ్లు అరిగిన జంక్‌యార్డు హెడ్ ఎంత చవకైనా చవక కాదు.

యార్డులో ఇంకో చిన్న విషయం చూడండి: ఎగ్జాస్ట్ మానిఫోల్డు బోల్టులు. ఈ ట్రక్కుల్లో వెనక చివర బోల్టు వేడికి, తుప్పుకి విరిగి ముక్క హెడ్‌లోనే ఉండిపోవడం చాలా మామూలు. విరిగిన ముక్కలున్న జత ధర తగ్గించమని అడగడానికి అది మంచి కారణం. మీ సొంత హెడ్‌లో ఉంటే మాత్రం సంతోషించండి, హెడ్ బల్ల మీద ఉన్నప్పుడు ఆ ముక్క తీయడం బండి మీద తీయడంలో పదో వంతు కష్టం కూడా కాదు.

ఏ హెడ్ అయినా తప్పని ఖర్చులు

ఏ దారి ఎంచుకున్నా మారని ఖర్చు ఒకటుంది, బడ్జెట్‌లో ముందు దాన్ని తీసేసి మిగిలినదాంతో హెడ్ల గురించి ఆలోచించాలి. లోహపు పొరల హెడ్ గ్యాస్కెట్లు, ఇన్‌టేక్, ఎగ్జాస్ట్ గ్యాస్కెట్లు, కొత్త హెడ్ బోల్టులు, కూలెంట్, ఆయిల్. ఈ బోల్టులు ఒకసారి బిగిస్తే సాగే రకం, పాతవి మళ్ళీ వాడకూడదు. 2003 దాకా వచ్చిన బ్లాకులకి పెద్ద బోల్టులు వేర్వేరు పొడవుల్లో ఉంటాయి, 2004 నుంచి అన్నీ ఒకే పొడవు. కొనేటప్పుడు చూడాల్సింది బ్లాకు ఏ సంవత్సరంది అని, హెడ్ ఏ సంవత్సరంది అని కాదు. ఈ తరం ఇంజన్లో నాక్ సెన్సర్లు ఇన్‌టేక్ మానిఫోల్డు కింద ఉంటాయి, నీరు దిగి తుప్పు పడతాయి. మానిఫోల్డు ఎలాగూ తీశారు కాబట్టి సెన్సర్లు, వాటి వైరు అప్పుడే మార్చేయడం తెలివైన పని. తర్వాత వాటి కోసమే మళ్ళీ మానిఫోల్డు విప్పడం విసుగు.

కొత్తగా తయారైన మార్కెట్ హెడ్లు కూడా ఉన్నాయి. పోర్టులు మెషిన్ మీద చెక్కినవి, స్ప్రింగులతో సహా వస్తాయి. జత వెయ్యి డాలర్లు సులువుగా దాటిపోతాయి. రెండు లక్షల మైళ్ళు తిరిగిన కింది భాగం మీద అంత డబ్బు పెట్టడం నాకు సరైన పనిగా అనిపించదు. ఆ డబ్బు ఉంటే తక్కువ మైళ్ళు తిరిగిన మొత్తం 5.3 ఇంజనో, 6.0 ఇంజనో వెతకండి. అదే కుటుంబం కాబట్టి అదే చోట కూర్చుంటుంది. 6.0 పెడితే కంప్యూటర్ ట్యూన్ మార్చాలి.

ఎవరికి ఏది

హెడ్ సమస్య ఏమీ లేదు, లాగుడు పెరగాలని మాత్రమే హెడ్లు మార్చాలనుకుంటున్నారా? అయితే హెడ్ల జోలికి వెళ్ళకండి. గ్లవ్ బాక్సులో ఉన్న స్టిక్కర్ మీద యాక్సిల్ కోడ్ చూడండి, అది యాక్సిల్ గేరు నిష్పత్తి చెబుతుంది. జీయూ6 అంటే 3.42, జీటీ4 అంటే 3.73, జీటీ5 అంటే 4.10. మీది 3.42 అయ్యి 4.10 వేయించుకుంటే చక్రాల దగ్గర లాగుడు ప్రతి గేరులోనూ 20 శాతం పెరుగుతుంది. పైన చూసిన ఎల్33 మార్పులన్నీ కలిపి ఇచ్చింది ఐదు శాతం హార్స్‌పవర్. గేర్లు మార్పించడం కూడా చవక కాదు, ఫోర్ వీల్ డ్రైవ్ అయితే ముందువీ మార్చాలి, స్పీడోమీటర్ సరిచేయించాలి, హైవే మీద ఇంజన్ ఎక్కువ తిరుగుతుంది. కానీ బరువు లాగే బండికి ఆ డబ్బు ఫలితం ఇచ్చే చోట పడుతుంది.

హెడ్ దించక తప్పలేదు, మీవి 862 లేదా పగుళ్ళు లేని 706 అయితే, వాల్వ్ పని, సీళ్ళు, అవసరమైనంత ఫేసింగ్. మీవి పగిలితే, ఎక్కడ బాగున్నవి దొరికితే అవి: 862 దొరికితే అది, 799 దొరికితే ఇరవై థౌ గీయించి అది. 799ల కోసం నెలల తరబడి ఎదురుచూడటం, దూరం వెళ్ళి తేవడం అక్కర్లేదు. ముందుముందు కామ్ మార్చే ఉద్దేశం గట్టిగా ఉంటే మాత్రం 799 తెచ్చుకోవడం సబబే. ఎక్కువ ఆర్‌పీఎంలో పని చేసే కామ్‌తోనే ఆ పోర్టులకి పని దొరుకుతుంది. అప్పుడు ఆ కామ్ లిఫ్ట్‌కి సరిపడే స్ప్రింగులు కూడా ఈ సమయంలోనే వేయించుకోండి.

బిగించేటప్పుడు

ఈ బ్లాకులో హెడ్ బోల్టు రంధ్రాలకి కింద దారి ఉండదు. హెడ్ తీసేటప్పుడు వాటిలోకి కూలెంట్ దిగుతుంది. ఆ ద్రవం ఉండగా బోల్టు బిగిస్తే అది ఎటూ పోలేక బ్లాకునే పగలగొట్టగలదు, లేదా టార్క్ రెంచి సరే అన్నా హెడ్ మీద అసలు ఒత్తిడి పడదు. కంప్రెసర్ గాలితో, గుడ్డతో ఒక్కో రంధ్రం అడుగు దాకా ఆరబెట్టండి, మరలు శుభ్రం చేయండి. ఇక్కడ తొందరపడకండి. బ్లాకు ముఖాన్ని మాత్రం ఇసుక చక్రాలతో రుద్దకండి, ఆ రాలిన పొడి ఆయిల్‌లో కలిస్తే బేరింగులు పోతాయి. ప్లాస్టిక్ స్క్రేపర్, ఓపిక చాలు.

పెద్ద బోల్టులు వరస ప్రకారం ముందు 30 న్యూటన్ మీటర్లు, ఆ తర్వాత డిగ్రీల్లో. 2004 తర్వాతి బ్లాకులకి 90, ఆపైన 70 డిగ్రీలు. అంతకుముందువాటికి పొడవుని బట్టి డిగ్రీలు వేరు, మీ సంవత్సరం మాన్యువల్ దగ్గర పెట్టుకోండి. లోపలి వరసలోని చిన్న బోల్టులకి 30 న్యూటన్ మీటర్లు చాలు.

మొదటిసారి ఇంజన్ వేడెక్కి చల్లబడ్డాక కూలెంట్ మట్టం కొంచెం దిగుతుంది, లోపలి గాలి బయటికి పోయినందుకు. నింపండి. తర్వాతి వారం రోజులూ ఉదయం ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు మట్టం, డిప్‌స్టిక్ మీద ఆయిల్ రంగు చూస్తూ ఉండండి. మట్టం ఇంకా తగ్గుతుంటే ట్రైలర్ తగిలించకుండా ముందు కూలింగ్ సిస్టమ్‌కి ప్రెషర్ టెస్ట్ చేయించండి.